మా బండ మీద లేని గీత

ఆ రోజుల్లో పదకొండేళ్ల పిల్లవాడు ఏదైనా ఫిర్యాదు చేస్తే కూర్చుని వినే ఆనవాయితీ మా ఇళ్లలో లేదు. "అన్నం తిన్నావా?" అని అడిగేవాళ్లు. తిన్నానంటే "అయితే పోయి పడుకో" అనేవాళ్లు, తినలేదంటే "అయితే పోయి తిను" అనేవాళ్లు. ఏ జవాబు చెప్పినా ఫిర్యాదుకు చోటుండేది కాదు. నా ఫిర్యాదు ఒకటి అలా ముప్పై నాలుగేళ్లు చోటు దొరక్క తిరిగింది. పెళ్లిళ్లలో చెప్పాను, గృహప్రవేశాల్లో చెప్పాను, ఒక బారసాలలో ఊయల పక్కన నిలబడి కూడా చెప్పాను. విన్నవాళ్లంతా తల ఊపి, పక్క విస్తరిలో పప్పు అయిపోయిందేమో చూడమన్నారు. ఈ మధ్యనే ఆ విషయం తేలింది. తేలినట్టే తేలి ఒక్కచోట మాత్రం ఇంకా అతుక్కుని ఉంది. అందుకే మొదటినుంచీ రాస్తున్నాను, పాఠకులైనా మధ్యలో అన్నం సంగతి ఎత్తకుండా వింటారన్న ఆశతో.

మాది రెంటచింతల. వేసవిలో పొద్దున పది దాటాక మా వీధిలో ఎవరైనా కనిపిస్తే, ఏదో తప్పు చేసి పారిపోతున్నాడనుకోవాలి. పిల్లలందరినీ పంచలోకి తోలి తడికె దించేసేవాళ్లు. మా నాన్న విజయపురి సౌత్‌లో కాలవల ఆఫీసులో పని చేస్తూ ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు గనక ఇంట్లో పెత్తనమంతా మా పెదనాన్నది. పంచలో పరిచినవి నాపరాళ్లు. గుమ్మానికి కుడిపక్క ఉన్న పెద్ద బండ మీద పులిజూదం పటం చెక్కి ఉండేది. చెక్కింది దుర్గి ఊరి మనిషి, రాతి పనివాడు. ఏడాదికోసారి వచ్చి అరిగిపోయిన రోళ్లకు ఉలితో గంట్లు పెట్టి పోయేవాడు. ఒక ఏడాది రోళ్ల పని తొందరగా అయిపోతే, పిల్లలు ఎండలోకి పోకుండా పడి ఉంటారని మా పెదనాన్న ఆయన చేత ఈ పటం చెక్కించాడు. నాకప్పుడు ఆరేళ్లు. ఉలి దెబ్బకు లేచిన తెల్లపొడి నాలుక మీద వేసుకుని చూశాను (రుచేమీ లేదు). పని అయ్యాక ఆయన అన్నం తిని, తలగుడ్డ చుట్ట చేసి తల కింద పెట్టుకుని, తను చెక్కిన బండ మీదే పడుకుని గుర్రుపెట్టడం కూడా చూశాను. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఒకరివి మూడు పులులు, ఇంకొకరివి పదిహేను మేకలు. పులి ఒక మేక మీదుగా గీత వెంబడి దూకి అవతలి ఖాళీ గడిలో పడితే ఆ మేక పోయినట్టు. మేకలన్నీ కలిసి పులులకు కదిలే దారి లేకుండా కట్టేస్తే పులులు ఓడినట్టు. మా పంచలో పులులు ఎప్పుడూ మా పెదనాన్నవే. పులులంటే మూడు గులకరాళ్లు, మేకలంటే చింతగింజలు. పటానికి ఎడమ అంచున ఒకదాని కింద ఒకటిగా మూడు గడులుండేవి. పై గడి నుంచి నడిమి గడికి గీత ఉంది. నడిమి గడి నుంచి కింది గడికి మాత్రం గీత లేదు. దాంతో నడిమి గడిలో పెట్టిన మేక మీదుగా దూకే దారి ఏ పులికీ లేదు. అక్కడ ఒక గీత ఉండాలన్న సంగతే మాకు తెలియదు, ఎందుకంటే లోకంలో మేం చూసిన పటం అదొక్కటే. మా మొదటి మేకను ఎప్పుడూ అక్కడే పెట్టేవాళ్లం. పెదనాన్న పులి వచ్చి దాని నెత్తిమీద కూర్చునేది. "ఎంతసేపుంటావే అక్కడ? ఎప్పటికైనా బయటికి రాకపోతావా?" అని ఆయన చింతగింజను బెదిరిస్తుంటే మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. పది ఆటలకు ఒకటైనా గెలిచేవాళ్లం.

ఆరో తరగతికి నన్ను మాచర్లలో హాస్టల్లో వేశారు. అక్కడి వరండాలో సుద్దముక్కతో పులిజూదం గీసి ఆడేవాళ్లు. గురజాల వైపు నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి వాడొకడు అక్కడ మొనగాడు. మొదటి ఆటలోనే నేను నా మేకను భద్రంగా నడిమి గడిలో పెట్టి, వెనక్కి ఆనుకుని, వాడి వంక కాస్త జాలిగా చూశాను. వాడు టపీమని దాని మీదుగా దూకి నా చింతగింజ తీసుకుపోయాడు. దూకడానికి లేదన్నాను. గీత చూపించాడు. అది మీరు అదనంగా గీసిన దొంగ గీత అన్నాను. అనడమే కాదు, మడమతో తుడిచేశాను. ఆ తర్వాత జరిగింది ఆటలోది కాదు. వార్డెన్ వచ్చి ఇద్దరినీ విడదీసి, పటం చూసి, గీత ఉండాల్సిందేనన్నాడు. "మా ఊళ్లో లేదండీ" అన్నాను. "మీ ఊళ్లో పులులు అంత మర్యాదస్తులా?" అన్నాడాయన. వరండా అంతా నవ్వింది. ఆ పూటతో నా పేరు గీతలేనోడు. పదో తరగతి అయ్యేదాకా అదే పేరు. మొన్న మాచర్ల బస్టాండులో నిలబడి ఉంటే ఎవరో ట్రాక్టరు మీద నుంచి "ఒరే గీతలేనోడా, బాగుండావా?" అని అరిచి పోయాడు. బాగున్నానని చెయ్యి ఊపాను, ఏం చేస్తాం.

ఆ దసరా సెలవులకు ఇంటికి వచ్చి ఇల్లు ఎగరగొట్టాను. బండ మీద గీత లేదన్న సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదని ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాను. అమ్మ నవ్వింది. నాన్న ఆదివారం వచ్చి, విని, సోమవారం పోయాడు. పెదనాన్న మజ్జిగ తాగుతూ, "ఆ దుర్గాయనకు బస్సొచ్చిందిరా, గీత వదిలేసి పోయాడు" అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదన్నాను. "అన్నం తిన్నావా?" అన్నాడు. ఆ పూట నేను ఒట్టు పెట్టుకున్నాను. ఆ బండ మీద మళ్లీ కూర్చోను, దాని మొహం చూడను, ఆ పంచలో కాలు పెట్టను. నా ఒట్లు ఒట్టి మాటలు కావు. అప్పట్నుంచి మా ఇంట్లోకి దొడ్డి గుమ్మంలోంచే వెళ్లాను, దొడ్డి గుమ్మంలోంచే వచ్చాను. నా పెళ్లిలో కూడా కొత్త కోడల్ని ముందు గుమ్మంలోంచి పంపి, నేను చుట్టూ తిరిగి బర్రెల కొట్టం పక్క నుంచి వచ్చాను. (మా ఆవిడ అది ఇంకా మర్చిపోలేదు. మా ఇంట్లో ఏదీ మర్చిపోనివాణ్ణి నేనొక్కణ్ణే కాదు.) పెళ్లయిన కొన్నేళ్లకు పాత ఇల్లు పడగొట్టి డాబా వేశారు. బండ ఏమైందో నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు.

అసలు చిక్కు మా తమ్ముడితో వచ్చింది. తమ్ముడంటే పెదనాన్న కొడుకు, నాకంటే ఏడేళ్లు చిన్న. నేను ఎక్కడ ఈ కథ మొదలుపెట్టినా వాడు మధ్యలో దూరి, "ఎందుకన్నా అబద్ధాలు? గీత ఉంది. నా చిన్నప్పుడంతా నేను దాని మీదనే ఆడా" అనేవాడు. ఉందని వాడు, లేదని నేను. చుట్టాలు రెండు జట్లుగా విడిపోయారు, నా జట్టులో నేనొక్కణ్ణే. పెదనాన్నను తేల్చమంటే, "మీ ఇద్దరు చెప్పేదీ నిజమే, అన్నాలు తినండి" అనేవాడు. ఇది పెద్దమనిషి తీర్పా?

ప్రస్తుతం నేను నరసరావుపేటలో ఉంటున్నాను. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా దస్తావేజులు రాస్తాను. తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన డొంక అని ఊరందరి హద్దులూ రాసే మనిషిని. అలాంటివాణ్ణి నా సొంత గీత ఒక్కటి రుజువు చేసుకోలేకపోతున్నానని నాలో నేను కుమిలిపోతుండేవాణ్ణి. మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఇంట్లో నా మాట నమ్మే ఏకైక ప్రాణి. సాయంత్రం నేను వచ్చేసరికి వాకిట్లో సుద్దతో పటం గీసి చింతగింజలు పరిచి ఉంచేది. పటం గీయడం నేర్పింది నేనే. ఎలా నేర్పి ఉంటానో మీరీపాటికి ఊహించే ఉంటారు. ఎడమ అంచున, నడిమి గడి కింద, గీత లేకుండా. "హాస్టల్లో తప్పుగా గీసేవాళ్లమ్మా, అసలు పటం ఇదీ" అని కూడా చెప్పాను. అది అన్యాయమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం ఒక్కరైనా నా పటం మీద పెరగాలనిపించింది.

మొన్న వాళ్ల బడిలో పాతకాలపు ఆటల రోజు పెట్టారు. మా అమ్మాయి అట్ట మీద రంగు పెన్నులతో పటం గీసుకుని పోయింది. రెండో ఆటలో ఎదుటి పిల్ల అక్కడ గీత ఉండాలంది. మా అమ్మాయి ఉండకూడదంది. టీచరమ్మ ఫోన్లో చూసి ఉండాలంది. "మా నాన్నకంటే ఫోనుకు ఎక్కువ తెలుసా?" అని అడిగిందట మా అమ్మాయి. (విని నాకు కళ్లు చెమర్చాయి, కానీ అది చెప్పే సమయం కాదు.) తరగతంతా నవ్వింది. ఇంటికి వచ్చి సంచి మూలన పడేసి, నేను వచ్చేదాకా గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వు గీసింది తప్పు నాన్నా. ఒప్పుకో."

"తప్పు కాదమ్మా. మా బండ మీద..."

"బండ ఏది? చూపించు. చూపించేదాకా నీతో ఆడను."

ఆడలేదు. నాకు ఒట్టు పెట్టుకోవడం తెలుసు గాని ఎదుటివాళ్ల ఒట్టు భరించడం అదే మొదలు. సాయంత్రం వచ్చేసరికి వాకిలి ఖాళీగా ఉండేది. చింతగింజల డబ్బా అల్మారా పైన. అమ్మాయి ఫోను పట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చునేది. అడిగినదానికి జవాబు చెప్పేది, అడగందానికి నోరు మెదిపేది కాదు. పది రోజులు గడిచాయి. మా ఆవిడ వంటింట్లోంచి, "ఆ పిల్ల ఎవరి పోలికో ఏందో" అని గిన్నెలతో అన్నట్టు అనేది. బడిలో నవ్వులపాలైతే ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా భయమల్లా ఒకటే. ఇది నా కూతురు. ముప్పై నాలుగేళ్లు దొడ్డి దారిన నడవగల రక్తం.

చివరికి దారి చూపింది కూడా అదే. మా మరదలికి, అంటే తమ్ముడి భార్యకు, ఫోను చేసి, "పిన్నీ, పాత పంచలో పటం బండ ఒకటుండాలంట, ఏమైంది?" అని అడిగింది. పంపు దగ్గర తను బట్టలుతికే బండ పాత పంచలోదేనని, గీతల వైపు కిందికి వేశారని మా మరదలు చెప్పింది. నేను ముప్పై నాలుగేళ్లుగా వాదిస్తున్నాను గానీ ఈ ఒక్క ప్రశ్న ఎవరినీ అడగలేదు.

ఆదివారం తండ్రీకూతుళ్లం మాచర్ల బస్సెక్కి రెంటచింతలలో దిగాం. అలవాటుగా కాళ్లు దొడ్డి వైపే పోయాయి. ఎటూ పంపు అక్కడే ఉంది. పెదనాన్న ఎనభై దాటినవాడు, వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. "అన్నం తిన్నారా?" అన్నాడు. బండ తిప్పుతామన్నాను. ఆయన మంచం ఇటు తిప్పించుకున్నాడు. మా మరదలు నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "తిప్పండి బావగారూ, తిప్పి మళ్లీ కదలకుండా పెట్టిపోవాల. రేపు నా బట్టలు మీరొచ్చి ఉతకరుగా" అంది. తమ్ముడు గడ్డపార తెచ్చాడు. తెస్తూ, "గీత ఉంటే ఇకమీదట పెళ్లిళ్లలో ఆ కథ ఎత్తకూడదన్నా, మాటంటే మాట" అన్నాడు. సరేనన్నాను. పక్కింటి బాబాయి, ఎదురింటి వాళ్లిద్దరూ వచ్చి తలా ఒక మూల పట్టుకున్నారు. బండ లేచింది, నిలబడింది, ఇటు వైపు ఒరిగింది. అడుగున బురద, రెండు వానపాములు. మరదలు రెండు బకెట్ల నీళ్లు కొట్టింది. మా అమ్మాయి ముగ్గుపిండి అడిగి తెచ్చి బండంతా చల్లి అరచేత్తో రుద్దింది. పటం తెల్లగా పైకి తేలింది. ఎడమ అంచు చూశాను.

గీత ఉంది.

నడిమి గడి నుంచి కింది గడి దాకా తెల్లగా, నిక్షేపంగా ఉంది. తమ్ముడు గడ్డపార కింద పెట్టి, రెండు చేతులూ దులుపుకుని నవ్వాడు. ఏదైనా అనుంటే బాగుండేది. బాబాయి, "పోనీలేరా, చిన్నతనం, ఏదో అనుకునుంటావు" అన్నాడు. నేను అబద్ధం చెప్పలేదు. కానీ ముప్పై నాలుగేళ్లు ఒకే మాట చెప్పీ చెప్పీ, ఉన్నదాన్ని లేనట్టు నాకు నేనే నమ్మించుకున్నానా? మరి కూతురికి నేర్పిన మిగతావన్నీ? దాని వంక చూడటానికి ధైర్యం చాలలేదు.

అది బండ మీద మోకాళ్ల మీద కూర్చుని ఇంకా రుద్దుతూనే ఉంది. తర్వాత వేలితో ఒక్కొక్క గీత తడుముతూ పోయింది. ఎడమ అంచుకు వచ్చి ఆగింది, మళ్లీ తడిమింది.

"నాన్నా, ఈ గీత వేరు. మిగతావాటిలో గోరు దిగుతోంది. ఇది పైపైనే ఉంది. వంకర కూడా."

అందరం వంగి చూశాం. నిజమే. తక్కినవన్నీ ఉలి గీతలు, లోతుగా, సమంగా, చింతగింజ జారి నిలిచేంత వెడల్పుగా ఉన్నాయి. ఇదొక్కటి సన్నగా, వణుకుతూ, మధ్యలో ఒకచోట జారి పక్కకు పోయి మళ్లీ వచ్చింది. ఉలి పట్టడం రానివాడు దేంతోనో గీకిన గీత. ఎవరు గీకారన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే మంచం మీద నుంచి మాట వచ్చింది.

"తలుపు చీలతో గీశా. రెండు రోజులు పట్టింది. చెయ్యంతా బొబ్బలు."

"నువ్వా పెదనాన్నా? ఎప్పుడు?"

"నువ్వే గదరా దసరాకొచ్చి గీత లేదని ఏడ్చింది. నువ్వు తిరిగి బస్సెక్కినాక కూర్చుని గీశా. మళ్లీ ఇంకోడు పోయి హాస్టల్లో తన్నులు తినకుండా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పేదేముంది? కళ్లెదురుగా ఉందిగా. నువ్వు ముందు గుమ్మంలోంచి వస్తే గదా కనపడేది. దొడ్డి దారిన వచ్చి దొడ్డి దారిన పోతివి."

మా తమ్ముడు నవ్వడం మొదలుపెట్టాడు, బాబాయి అందుకున్నాడు, మా మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కూడా నవ్వాను, ఇక వేరే దారి లేక. నేను చెప్పిందీ నిజమే, తమ్ముడు చెప్పిందీ నిజమే. పెద్దమనిషి తీర్పు ఇన్నేళ్లూ సరిగ్గానే ఉంది. నా ఫిర్యాదు విన్నారు, విచారించారు, నెల తిరక్కముందే చర్య తీసుకున్నారు. ఆ ఉత్తర్వు కాగితం అందుకోవాల్సినవాడు మాత్రం పౌరుషంగా బర్రెల కొట్టం పక్కనుంచి రాకపోకలు సాగించాడు. గుండెల మీద నుంచి దిగిన బరువు ఆ నాపబండకంటే తక్కువేమీ కాదు. మా అమ్మాయి పిండి చేతులు నా చొక్కాకు తుడుస్తూ, మా తమ్ముడి వైపు తిరిగి, "అయితే నాన్న చెప్పింది నిజమే బాబాయ్. నేను బడిలో చెప్పేస్తా" అంది. ఆ పది రోజులూ అది నా చొక్కా ముట్టుకోలేదు.

అక్కడితో ఆపొచ్చు. కానీ బండ తిరిగి పెట్టేలోగా మా అమ్మాయి ఊరుకోకుండా, ఒక ఆట ఆడదామని తాతయ్యను అడిగింది. మంచం దగ్గరికి జరిపారు. పెదనాన్న ఒంగి మూడు రాళ్లు ఏరుకున్నాడు. పులులు ఇప్పటికీ ఆయనవే. మా అమ్మాయికి చింతగింజలు. అది మొదటి మేకను అలవాటుగా ఎడమ అంచు నడిమి గడి మీదికి తీసుకుపోయి, కింద వంకర గీత చూసి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"పెట్టుకోవే" అన్నాడు పెదనాన్న. "ఆ గీత మీ నాన్న కోసం గీసింది. నీక్కాదు. పెట్టుకో."

పెట్టింది. పెదనాన్న పులి వచ్చి దాని నెత్తిమీద కూర్చుంది. "ఎంతసేపుంటావే అక్కడ?" అని చింతగింజను బెదిరించాడు. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. బకెట్టు మీద కూర్చుని చూస్తున్న నాకు అప్పుడు తట్టింది, పిల్లల మీద ఆడేటప్పుడు ఈయన ఒక మేకను వదిలేస్తాడని, ఎప్పుడూ వదిలేసేవాడని. వెంటనే అడిగాను, అసలు మొదట్లో ఆ గీత చెక్కకుండా వదిలేసింది దుర్గాయనా, లేక వదిలెయ్యమని ఈయనే చెప్పాడా అని. పెదనాన్న పులిని పక్క గడికి జరిపి, "మీ నాన్న అన్నం తిన్నాడా అమ్మాయ్?" అన్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు మా వాకిట్లో రెండు పటాలు గీసి ఉంటున్నాయి. బడిలో చెల్లేది ఒకటి, ఇంటిది ఒకటి. ఇంటి పటం మీద పులులు నావి. నడిమి గడిలో కూర్చున్న మేకను నేను కూడా బెదిరిస్తున్నాను, ఇంకా ఏమీ చేయడం లేదు. అయినా ఒక మాట మిగిలే ఉంది. బస్సొచ్చింది, గీత వదిలేసి పోయాడు అన్నావు పెదనాన్నా. ఆ రోజుల్లో మన ఊరి నుంచి దుర్గి వైపు పోయే బస్సు సాయంత్రం ఐదింటికి. దుర్గాయన మధ్యాహ్నానికే ఉలి సంచిలో వేసి, అన్నం తిని, ఆ బండ మీదే పడుకుని గుర్రుపెట్టడం నేను కళ్లారా చూశాను. జానెడు గీతకు బీడీ కాల్చినంత సేపు చాలు. వచ్చే ఆదివారం వస్తున్నాను, ఈసారి ముందు గుమ్మంలోంచే. అన్నం తినే వస్తాను. ఆ రోజు ఉలి ఆపించింది బస్సా, నువ్వా? చెప్పు.